సోమశిల వెనక కొండ మీద పంప్డ్ స్టోరేజీ: వేగం పెంచుతారట, అసలు పని ఎక్కడ ఆగుతుంది?

పెన్నాగట్టు
జల విద్యుత్తును వేగవంతం చేస్తామని కేంద్రం అంటోంది. రాష్ట్రం పంప్డ్ స్టోరేజీ (నీళ్లు కొండ మీది చెరువుకు తోడి, మళ్లీ దించి కరెంటు తీసేది) జాబితాలో మన నెల్లూరు జిల్లా పెన్న మీది సోమశిల డ్యామ్ పేరు కూడా చాన్నాళ్లుగా నలుగుతోంది. అనంతసాగరం, కలువాయి వైపు ఎవరిని కదిలించినా తలా ఒక మాట చెబుతున్నారు. ఒకరు డ్యామ్ నీళ్లన్నీ కొండెక్కుతాయంటారు, ఇంకొకరు మనకు కరెంటు ఉచితమంటారు. నాకు కావాల్సింది మూడింటికి జవాబు. మా కారు, ఎడగారు పంటలకు నీళ్లు తగ్గుతాయా? తోడిన నీళ్లే మళ్లీ వదిలితే కరెంటు ఎక్కడ మిగులుతుంది? వేగవంతం అంటే ఏ పనిని వేగం చేస్తారు? లెక్క తెలిసినవాళ్లు లెక్కతోనే చెప్పండి, రాజకీయం వద్దు.

హెడ్‌రేస్
రెండోదాంతో మొదలుపెడతా. కరెంటు మిగలదు, తరుగుతుంది. 100 యూనిట్లు పెట్టి పైకి తోడితే కిందికి వదిలినప్పుడు 75 నుంచి 80 చేతికొస్తాయి. మిగతావి పంపులో, సొరంగం గోడల రాపిడిలో, ట్రాన్స్‌ఫార్మర్లో పోతాయి. ఇది కరెంటు పండించే మడి కాదు, దాచిపెట్టే గాదె. మధ్యాహ్నం సౌర విద్యుత్తు కొనేవాడు లేక ఆపేసే గంటల్లో నీళ్లు పైకి తోడతారు, దీపాలు పెట్టే వేళకు కిందికి వదులుతారు.

లెక్క కాగితం మీద వేసుకోండి. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు × ఎన్ని మీటర్ల ఎత్తు × 9.81 × సామర్థ్యం. వచ్చేది కిలోవాట్లు. 1 టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 100 మీటర్ల ఎత్తు నుంచి 90 శాతం సామర్థ్యంతో దించితే దాదాపు 69 లక్షల యూనిట్లు. 200 మీటర్లయితే దానికి రెట్టింపు.

సోమశిలకు వినబడుతున్నది 900 మెగావాట్లు. రోజుకు 6 గంటలు నడిస్తే 54 లక్షల యూనిట్లు. ఎత్తు 200 మీటర్లనుకుంటే (ఉదాహరణకే, అసలు ఎత్తు సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్‌లో చూడాల్సిందే) రోజూ కిందికీ పైకీ తిరిగే నీళ్లు 0.39 టీఎంసీ. ఆ 6 గంటలూ ప్రవాహం సెకనుకు 510 ఘనపు మీటర్లు, మన భాషలో 18,000 క్యూసెక్కులు. తోడేటప్పుడు 69 లక్షల యూనిట్లు కావాలి కాబట్టి అదే శక్తితో 7 గంటల 40 నిమిషాలు పడుతుంది.

కారునీళ్లు
మొదటి ప్రశ్నకు జవాబు నాది. సోమశిల పూర్తి నిల్వ 78 టీఎంసీలు, కండలేరు 68. వాటి పక్కన 0.39 ఎంత? పైగా అది రోజూ ఖర్చయ్యేది కాదు, ఒకసారి నింపితే అవే నీళ్లు తిరుగుతాయి. నిజంగా పోయేవి రెండే. ఒకటి ఆవిరి. మన ఎండకు ఏడాదికి సుమారు 2 మీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే, కొండ మీద చెరువు 100 హెక్టార్లుంటే 20 లక్షల ఘనపు మీటర్లు, అంటే 0.07 టీఎంసీ. రెండోది ఊట. అది రాతిని బట్టి ఉంటుంది, ఆ సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

కాబట్టి నీళ్ల పరిమాణం గురించి గుండెలు బాదుకోనక్కర్లేదు. భయపడాల్సింది మట్టం గురించి, వేళ గురించి.

సోమశిల జలాశయాన్నే దిగువ చెరువుగా వాడితే (దీన్ని ఆన్‌స్ట్రీమ్ అంటారు) యంత్రానికి కనీసం ఇంత మట్టం ఉండాలని ఒక గీత ఉంటుంది. కరువు ఏడాదిలో నీళ్లు ఆ గీతకు దిగాక ఎవరి మాట చెల్లుతుంది? తోడేవాడు "ఇంకా కిందికి వదలొద్దు" అంటాడు. ఆయకట్టుదారు ఎడగారు అడుగుతాడు. చెన్నైకి తెలుగుగంగ ఒప్పందం 1983 నుంచి ఉంది: 15 టీఎంసీలు, దారిలో పోయేవి పోగా సరిహద్దులో 12. ఈ ముగ్గురి వరస ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. తాగునీరు, సాగు, ఆ తర్వాతే యంత్రం. ఆ ఒక్క వాక్యం లేకపోతే నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఏటా గొడవే.

ఇంకొకటి రోజువారీ ఊగిసలాట. 1.1 కోట్ల ఘనపు మీటర్లు రోజూ తోడి వదిలితే, జలాశయం 100 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉన్నప్పుడు మట్టం 11 సెంటీమీటర్లే మారుతుంది, ఎవరికీ తెలియదు. అదే నీళ్లు అడుగంటి 20 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోతే 55 సెంటీమీటర్లు. అప్పుడు ఒడ్డున ఒండ్రు జారుతుంది, వలలు కట్టుకున్నవాళ్లకు రోజుకు రెండుసార్లు తిప్పలు, ఎత్తిపోతల మోటార్ల ఫుట్‌వాల్వులు బయటపడతాయి.

పెన్నాగట్టు
అయితే నీళ్లు తాగేయదు, మట్టం కోసం మన మీదికి వస్తుంది. అర్థమయింది. మరి ఇంత తిప్పలు ఎందుకన్నా, సోమశిల నుంచి కండలేరుకు వరద కాలువ పోతోంది కదా, వదిలే నీళ్ల మీదే మిషన్ పెడితే సరిపోదా?

హెడ్‌రేస్
సరిపోదు, ఎందుకో చూడండి. డ్యామ్ కింద 25 మీటర్ల ఎత్తు దొరికి 1,000 క్యూసెక్కులు వదులుతున్నారనుకోండి. 28.3 × 25 × 9.81 × 0.85, దగ్గర దగ్గర 5.9 మెగావాట్లు. పెన్నలో నీళ్లు వదిలేది పంట కాలంలోనే. ఏడాదికి 100 రోజులు అదే జోరుతో నడిచినా 1.4 కోట్ల యూనిట్లు, మిగతా 265 రోజులు మిషన్ తాళమేసి ఉంటుంది. పనికిరాదని కాదు, దాని స్థాయి అంతే. 25 మెగావాట్ల లోపు వాటిని చిన్న జల విద్యుత్తు అంటారు, లెక్కలూ నిబంధనలూ వేరు.

కాలువ ఒక్కసారిగా కిందికి దిగే డ్రాపుల మీద ఇంకా చిన్నవి. 3 మీటర్ల డ్రాపు, 500 క్యూసెక్కులు, 80 శాతం సామర్థ్యం: 333 కిలోవాట్లు. ఇక్కడ మనుషులు తేలిగ్గా తీసుకునేది చెత్త. తూటికాడ, గుర్రపు డెక్క, సంచులు వచ్చి జల్లెడ ఊచలకు అడ్డం పడితే నీటి మట్టం అటూ ఇటూ 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది. 200 మీటర్ల ప్రాజెక్టుకు అది లెక్కలోకే రాదు. 3 మీటర్ల డ్రాపుకు పదో వంతు కరెంటు పోయినట్టే. గొర్రుతో గీరే మనిషి జీతం తీసి పక్కన పెట్టకుండా వేసిన డీపీఆర్ ఏదైనా అబద్ధమే అంటాను.

రెండో జబ్బు ఫీడరు. పల్లె 11 కేవీ లైను రోజుకు నాలుగుసార్లు ట్రిప్ అవుతుంది. అయిన ప్రతిసారీ జనరేటరు మీద భారం పోయి నీటి చక్రం (రన్నరు) పరుగు అందుకుంటుంది. కప్లాన్ రకం టర్బైను మామూలు వేగానికి రెండున్నర రెట్లు దాకా పోగలదు. నీళ్లు లోపలికి వదిలే రెక్కలు (గైడ్ వేన్లు) మూయాలి. మూస్తే కాలువలో నీళ్లు ఆగుతాయి, కింద రైతు తంతాడు, పైన గట్టు పొర్లుతుంది. అందుకే పక్కన బైపాస్ గేటు ఉండాలి. అది కరెంటు లేకుండా బరువుతోనే తెరుచుకోవాలి. మోటారుతో తెరుచుకునే బైపాస్ పెట్టి, కరెంటు పోయినప్పుడు అది తెరుచుకోలేదని తల పట్టుకున్నవి ఉన్నాయి.

కారునీళ్లు
గేట్ల మాట వచ్చింది కాబట్టి. గుండ్లకమ్మ మీద చినమల్లవరం దగ్గర ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరు తుపానులో ఇంకొకటి కొట్టుకుపోయాయి. ఉన్నదాని నిర్వహణకు డబ్బు దొరకని చోట కొత్తది వేగంగా కట్టడం గురించి మాట్లాడుకుంటున్నాం. సరే, థ్రెడ్ దారి తప్పించను.

లోడ్‌డిస్పాచ్
ప్రభుత్వాలకు ఇంత తొందర ఎందుకో గ్రిడ్ వైపు నుంచి చెబుతా. మధ్యాహ్నం సూర్యుడి కరెంటు పొంగుతుంది, సాయంత్రం 6 తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, వాడకం మాత్రం అప్పుడే ఎక్కుతుంది. ఆ గొయ్యి పూడ్చడానికి ఇప్పుడున్నది బొగ్గు. ముత్తుకూరు మండలం నేలటూరులో మన థర్మల్ కేంద్రం ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు 3. వీటిని మధ్యాహ్నం తగ్గించాలంటే 55 శాతం దాకా, అంటే యూనిట్‌కు 440 మెగావాట్ల దాకా దించొచ్చు. అంతకంటే దిగితే మంట నిలకడ తప్పొచ్చు, నూనె పోయాల్సి రావచ్చు. రోజూ దించి ఎక్కిస్తే బాయిలరు గొట్టాలు అలసిపోయి పగుళ్లిస్తాయి. చల్లగా ఉన్న బొగ్గు యూనిట్ ఎక్కించడానికి గంటలు కావాలి, నీటి యూనిట్ నిమిషాల్లో పూర్తి భారం అందుకుంటుంది.

డబ్బు సంగతి. మధ్యాహ్నం యూనిట్ 2.50 రూపాయలకు దొరికిందనుకోండి. 78 శాతం తిరిగి వస్తే సాయంత్రం యూనిట్ నీళ్ల ఖర్చే 3.20. దీని మీద కొండ తవ్విన అప్పు, వడ్డీ, నిర్వహణ. కాబట్టి ఉచిత కరెంటు మాట మరచిపోండి. 2023 ఏప్రిల్ 10 నాటి కేంద్ర మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజీని ఉచిత విద్యుత్ వాటా నుంచి, స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి బాధ్యత నుంచి తప్పించమన్నాయి. ఊళ్లో ఎవరైనా ఉచిత కరెంటు చూపించి ఓట్లు అడిగితే ఈ పోస్టు చదివి వినిపించండి.

పెన్నాగట్టు
అబ్బయ్యా, ఇది మాత్రం మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

రాతిపొర
ఊట గురించి అడిగారు. వెలిగొండలు చూడ్డానికి గట్టివే. క్వార్ట్‌జైట్ పలకలు, వాటి మధ్య షేలు, ఫిల్లైటు, అన్నీ మడతలు పడి ఉంటాయి. క్వార్ట్‌జైట్ గట్టిదే కానీ దానికి నెర్రెలెక్కువ. షేలు తడిసి ఎండితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఈ రెండూ కలిసిన చోట చెరువు కడితే నీళ్లు నెర్రెల్లోంచి జారుతాయి. మామూలు చెరువుకు ఒండ్రు పట్టి కాలక్రమేణా ఊట తగ్గుతుంది. పంప్డ్ స్టోరేజీ పై చెరువు రోజూ 15, 20 మీటర్లు ఎక్కి దిగుతుంది, ఒండ్రు కుదురుకోదు. పైగా మట్టం గబగబా దిగినప్పుడు గట్టు లోపల ఇరుక్కున్న నీరు బయటికి తోస్తుంది, లోపలి వాలు జారిపోతుంది. అందుకే అడుగున ప్లాస్టిక్ పొర గానీ తారు కాంక్రీటు గానీ, గట్టు ముఖానికి కాంక్రీటు పలక గానీ వేస్తారు, వాటి వెనక నీరు బయటికి పోయే దారి కూడా పెడతారు.

కొండలోపల సంగతి ఇంకా మొండిది. నిలువు సొరంగంలో నీటి ఒత్తిడి చుట్టూ రాతి బిగువు కంటే ఎక్కువైతే నెర్రెలు తెరుచుకుంటాయి. 200 మీటర్ల నీటి స్తంభం అంటే చదరపు సెంటీమీటరుకు 20 కిలోలు. పైన రాతి కప్పు చాలని చోట ఉక్కు గొట్టం తొడగక తప్పదు. ఆ పొడవు అంచనాలో 100 మీటర్లని రాసి తవ్వాక 300 అయితే, ఖర్చూ గడువూ రెండూ పేలతాయి.

ఇది ముందే తెలుసుకునే దారులు మూడు. బోరు తవ్వి రాతి కడ్డీలు తీసి చూడటం. ఆ బోరులోనే నీటిని ఒత్తిడితో ఎక్కించి ఎంత తాగుతుందో కొలవడం, దాన్ని లూజియాన్ పరీక్ష అంటారు: 10 బార్ ఒత్తిడి దగ్గర మీటరుకు నిమిషానికి 1 లీటరు తాగితే 1 లూజియాన్. మూడోది, పవర్‌హౌస్ వచ్చే చోటికి మనిషి నడిచేంత పరిశోధన సొరంగం తవ్వి లోపలి రాతిని కళ్లారా చూసి, బిగువు కొలవడం. ఈ మూడోదే ఎక్కువమంది ఎగ్గొడతారు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, అడవి దారుల్లో రిగ్గు ఎక్కదు. సరిగ్గా చేస్తే రెండు ఎండాకాలాలు పడుతుంది.

పక్క ఉమ్మడి ప్రకాశంలోనే పాఠం ఉంది. వెలిగొండ ప్రాజెక్టుకు శ్రీశైలం జలాశయం కొల్లంవాగు నుంచి రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. మొదటిది 7 మీటర్ల వ్యాసం, 3,000 క్యూసెక్కులు. రెండోది 9.2 మీటర్లు, 8,600 క్యూసెక్కులు. శంకుస్థాపన 1996లో. మొదటి సొరంగం తవ్వకం ముగిసింది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో. రెండోదాంట్లో సొరంగం తవ్వే యంత్రం (టీబీఎం) మొరాయించాక రంధ్రాలు వేసి మందు పేల్చి తవ్వారు. అది కరెంటు ప్రాజెక్టు కాదు, నిధుల ఆలస్యం కూడా అందులో కలిసి ఉంది. అయినా ఆ కొండల లోపల రాయి ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద బోరు ఎవరూ వేయలేదు.

కాగితాలపులి
ఇప్పుడు మూడో ప్రశ్న. వేగవంతం చేసినవి ఇవీ.

2019 మార్చి 8న 25 మెగావాట్లు దాటిన జల విద్యుత్తును కూడా పునరుత్పాదకమని ప్రకటించారు. 2022 డిసెంబరులో రాష్ట్రం పంప్డ్ స్టోరేజీ విధానం తెచ్చింది, 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ డీపీఆర్ ఆమోదానికి తన గడువులు తగ్గించుకుంది: సౌర, పవన ప్రాజెక్టులతో కలిపి కట్టేవాటికి, వేలంలో ఇచ్చేవాటికి 90 రోజుల నుంచి 50కి, మిగతా పంప్డ్ స్టోరేజీకి 125 నుంచి 90కి. కృష్ణా, పెన్నాల్లాంటి నది మీద కాకుండా విడిగా కట్టే ఆఫ్‌స్ట్రీమ్ వాటికి అనుమతుల్లో సడలింపులు ఎక్కువ.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 12,461 కోట్లు కేటాయించింది. దారులు, వంతెనలు, ప్రసార లైన్లు, రోప్‌వేలు, రైల్వే సైడింగులు లాంటి అనుబంధ పనులకు. 200 మెగావాట్ల దాకా మెగావాట్‌కు కోటి, అది దాటాక 200 కోట్లకు తోడు మెగావాట్‌కు 75 లక్షలు. 900 మెగావాట్లకు లెక్కేస్తే 200 + 525 = 725 కోట్లు, మామూలుగా అది గరిష్ట పరిమితి. మొదటి పెద్ద ప్యాకేజీ పని 2028 జూన్ 30 లోపు అప్పగించాలి. అంతర్రాష్ట్ర ప్రసార ఛార్జీల మినహాయింపుకూ 2028 జూనే గీత. తొందర వెనక ఉన్నది ఈ తేదీ.

వేగం కానివి చెబుతా. సోమశిల వెనక కొండల్లో శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, నెల్లూరు కడప రెండు వైపులా. స్థలం దాని లోపల గానీ దాని చుట్టు పర్యావరణ సున్నిత మండలంలో గానీ పడితే జాతీయ వన్యప్రాణి బోర్డు దాకా పోవాలి. అటవీ భూమికి తొలి దశ, మలి దశ అనుమతులు వేర్వేరు. మొదటిది రాగానే చెట్టు కొట్టలేరు. యానాదుల హక్కులు ఉన్న చోట 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం కావాలి. పట్టా భూమి ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం సేకరిస్తే 2013 కేంద్ర భూసేకరణ చట్టం ప్రకారం ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. ఢిల్లీలో 90 రోజుల గడువు 50కి తగ్గించినంత మాత్రాన ఇక్కడ ఒక్క గ్రామసభ కూడా ముందుకు జరగదు.

హెడ్‌రేస్
రాతిపొర గారు చెప్పిన దానికి యంత్రం వైపు తోడు. సోమశిల మట్టం నిండితే 330 అడుగులు, ఎండాకాలం చాలా కిందికి దిగుతుంది. పై చెరువూ రోజూ దిగుతుంది. రెండూ కలిస్తే ఎత్తు ఒకచోట నిలవదు. ఉదాహరణకు గరిష్టం 220 మీటర్లు, కనిష్టం 175 అనుకుంటే నిష్పత్తి 1.26. స్థిర వేగంతో తిరిగే, తోడటానికీ దించి కరెంటు తీయడానికీ పనికొచ్చే రివర్సిబుల్ ఫ్రాన్సిస్‌కు ఈ తేడా పెరిగేకొద్దీ పంపు పద్ధతిలో ఊపిరాడదు. తక్కువ ఎత్తు దగ్గర నీళ్లు ఎక్కువ లాగి మోటారు భారం దాటుతుంది, ఎక్కువ ఎత్తు దగ్గర ప్రవాహం విరిగి రన్నరు గడగడలాడుతుంది, రెక్కల వెనక బుడగలు పగిలి లోహం గుంటలు పడుతుంది. మందు, వేగం మార్చగల యూనిట్లు. ఖరీదు పెరుగుతుంది, పవర్‌హౌస్‌లో చోటు ఎక్కువ కావాలి. అందుకే విడి చెరువులు రెండూ కట్టుకునే కర్నూలు వైపు పిన్నాపురం తరహా (1,680 మెగావాట్లు) ఇంజినీర్లకు సుఖం. అక్కడ మట్టం వాళ్ల చేతిలో ఉంటుంది.

ఇంకొక సంగతి లోతు. పంపు పీల్చేటప్పుడు బుడగలు రాకుండా రన్నరును దిగువ చెరువు కనీస మట్టానికి పదుల మీటర్ల కింద కూర్చోబెట్టాలి. అందుకే పవర్‌హౌస్ కొండ కడుపులో ఉంటుంది. దిగువ మట్టం ఎంత తక్కువకు అనుమతిస్తే అంత లోతు తవ్వాలి. కారునీళ్లు గారి గీత ఇక్కడ డబ్బుగా మారుతుంది. రైతు కోసం గీత కిందికి జరిపితే కంపెనీ లోతుగా తవ్వాలి, కంపెనీ కోసం పైకి జరిపితే ఎడగారు ఎండుతుంది.

నాగార్జునసాగర్ చూడండి. ప్రధాన కేంద్రంలో 100.8 మెగావాట్ల యూనిట్లు 7, అన్నీ తోడగలిగినవే. కానీ కింద నీళ్లు నిలబెట్టే చోటు లేక, సత్రశాల దగ్గర దిగువ చెరువు (టెయిల్ పాండ్) కట్టేదాకా దశాబ్దాల పాటు ఆ తోడే శక్తి దాదాపు అలంకారమే. మిషన్ ముందొచ్చింది, చెరువు తర్వాతెప్పుడో వచ్చింది.

లోడ్‌డిస్పాచ్
లైను కూడా అంతే. 900 మెగావాట్లకు 400 కేవీ డబుల్ సర్క్యూట్ లైను కావాలి. పవర్‌హౌస్ తయారై లైను కాకపోతే మొదటి యూనిట్ తిప్పి చూడ్డానికి కూడా కరెంటు ఉండదు. పంపు పద్ధతిలో మొదలుపెట్టాలంటే గ్రిడ్ నుంచే లాక్కోవాలి కదా.

ఒక మాట నొక్కి చెబుతా, ఇక్కడ చాలామందికి నచ్చదు. బ్యాటరీలు ఏడాదిన్నర లోపు పెట్టేయొచ్చు. 2 నుంచి 4 గంటల అవసరానికి అవే చాలు. పంప్డ్ స్టోరేజీ గెలిచేది 6 గంటలు దాటిన అవసరానికి, 40 ఏళ్ల ఆయుష్షుకు, గ్రిడ్‌కు నిలకడ ఇచ్చే తిరిగే చక్రం బరువుకు, అంతా చీకటైనప్పుడు మళ్లీ లేపడానికి. రాతి పరిశోధన ఎగ్గొట్టి 5 ఏళ్లన్నది 9 ఏళ్లయితే, ఆ లోపు బ్యాటరీ దీని అన్నం తినేస్తుంది. కాబట్టి వేగం కావాలనుకునేవాడే మొదటి రెండేళ్లు నెమ్మదిగా నడవాలి.

చీమకుర్తి_బెంచి
మధ్యలో దూరుతున్నా. 2023 మార్గదర్శకాల్లో వాడి వదిలేసిన గనులను కూడా చూడమన్నారు కదా. మా గెలాక్సీ గ్రానైట్ గుంతలు ఇన్ని ఉన్నాయి, దిగువ చెరువు తవ్వే ఖర్చే లేదు. పక్కనే రామతీర్థం రిజర్వాయరు. కుదరదా?

హెడ్‌రేస్
లెక్కేద్దాం. గుంత 200 మీటర్లు × 150 మీటర్లు, వాడుకోగల లోతు 30 మీటర్లు: 9 లక్షల ఘనపు మీటర్లు. ఎత్తు 80 మీటర్లు దొరికిందనుకుంటే 1.77 లక్షల యూనిట్లు. 6 గంటలకు పరిస్తే 29 మెగావాట్లు. ఇంత చిన్నదానికి సొరంగం, భూగర్భ పవర్‌హౌస్, లైను ఖర్చు మెగావాట్‌కు చాలా ఎక్కువ పడుతుంది. పక్కపక్క గుంతలు నాలుగైదు కలిపితే ఆలోచించొచ్చు. ఎత్తే మీ దగ్గర కొరత.

రాతిపొర
రాయి మాత్రం వెలిగొండ షేలు కంటే ఎంతో నయం. అయితే వైరు కోతతో నిలువుగా కోసిన గోడలు రోజూ 30 మీటర్లు తడిసి ఆరడానికి కోసినవి కావు. నెర్రెల్లో నీళ్లు నిలిచి, మట్టం దిగినప్పుడు బయటికి తోస్తే పలకలు ఊడతాయి. అడుగున రాతిపొడి బురద ఉంటుంది, అది పంపులోకి పోతే రన్నరును ఆకురాయిలా అరగదీస్తుంది. పక్క గుంతలో ఇంకా పేలుళ్లు జరుగుతుంటే మొత్తం ఆపుకోవాలి.

చీమకుర్తి_బెంచి
సరే, చేపలే పెంచుకుంటాం.

వేదిక నిర్వాహకుడు
చీమకుర్తి గుంతల మీద ఇంకా రాయాలనుకుంటే కొత్త థ్రెడ్ తెరవండి. ఇక్కడ సోమశిల.

పెన్నాగట్టు
చివరిగా ఒకటి. ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే ఏం పట్టుకుని పోవాలి? మామూలుగా అయితే టెంటు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపిస్తారు.

కాగితాలపులి
2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెట్టాలి. సారాంశం తెలుగులో ఉండాలి. సభ ప్రాజెక్టు స్థలం దగ్గరే జరగాలి. మీరు చెప్పింది కార్యవాహిలో రాసి, అక్కడే తెలుగులో చదివి వినిపించమని అడగండి. నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.

నివేదికలో వెతకాల్సినవి: దిగువ చెరువు సోమశిలేనా, విడిగా కడతారా. మొదటిసారి నింపడానికి నీళ్లు ఏ నెలల్లో తీస్తారు (వరద రోజుల్లో అయితే సరే, జనవరిలో అంటే ఒప్పుకోవద్దు). తవ్విన రాతి మట్టి ఎన్ని లక్షల ఘనపు మీటర్లు, ఏ వాగులో పోస్తారు. 2021 నవంబరులో పెన్నకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. వాగు ముఖం మీద మట్టి దిబ్బలుంటే తర్వాతి వరదకు అవి మీ కయ్యల్లో ఉంటాయి.

కారునీళ్లు
దానికి తోడు: యంత్రం ఆగాల్సిన కనీస మట్టం అడుగుల్లో ఎంత, ఆ మట్టం చదివేది కంపెనీ మీటరా, జలవనరుల శాఖ స్కేలా. రెండోదని రాయించండి.

రాతిపొర
అనుబంధాల్లో ఏ లోతున ఏ రాయి తగిలిందో చెప్పే బోరు లాగ్‌లు ఉంటాయో లేదో చూడండి. ఎన్ని బోర్లు, ఎంత లోతు, పవర్‌హౌస్ చోట పరిశోధన సొరంగం తవ్వారా. బోర్లన్నీ దారి పక్కనే వేసి, కొండ మీద ఒకటీ లేకపోతే అడగండి.

హెడ్‌రేస్
భద్రతా అధ్యాయం కూడా. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి 9 మంది పోయారు. కొండ కడుపులో పనిచేసేవాడికి పొగ బయటికి లాగే ఫ్యాన్లకు విడి సరఫరా, రెండో తప్పించుకునే దారి, బ్యాటరీ గది విడిగా ఉన్నాయా? అక్కడ పనిలో చేరేది మన ఊరి ఐటీఐ పిల్లలే.

పెన్నాగట్టు
రాసుకున్నాను. నోటీసు పడగానే జిల్లా పరిషత్తుకు పోయి కాపీ అడుగుతా, బోరు లాగ్‌ల పేజీలు ఫోటో తీసి ఇక్కడే పెడతా. రాతిపొర గారూ, అప్పుడు మాత్రం కనబడకుండా పోవద్దు.